దాచే బంగారం వేరు, దిద్దుకునే నగ వేరు

చిలమకూరు: పెండ్లి ముహూర్తాలు దగ్గర పడేకొద్దీ చిలమకూరు, ఎర్రగుంట్ల, నిడుజువ్వి ఇండ్లలో బీరువాలు తెరుచుకుంటాయి. ఏ చీర కట్టాలన్నది ఒక పూటలో తేలిపోతుంది. నగల దగ్గరకు వచ్చేసరికి ఇంటిల్లిపాదీ రెండు పక్షాలుగా చీలిపోతారు. కాసుల దండ, రాళ్ల హారం, నెక్లెసు, వడ్డాణం, వంకీలు, బుట్టకమ్మలు, చేతినిండా గాజులు అన్నీ ఒకేసారి వేసుకుంటేనే నలుగురిలో గౌరవమని పెద్దవారి వాదన. పెద్ద బుట్టకమ్మలు మాత్రం పెట్టుకొని మెడ ఖాళీగా వదిలేస్తే చాలునని కాలేజీలో చదివే అమ్మాయి వాదన. "బోసి మెడతో పెండ్లికి పోతారా?" అన్న ప్రశ్నతో ఆ చర్చ సాధారణంగా ముగుస్తుంది. అమ్మాయి ముఖం చిన్నబోతుంది.

ఇందులో ఎవరి మాట న్యాయం? అలంకరణ వరకు అమ్మాయి మాటే న్యాయం. అయితే పెద్దవారి పట్టుదల వెనుక ఉన్న భయం కూడా కొట్టివేయదగింది కాదు. వానను నమ్ముకున్న ఈ ప్రాంతంలో శనగ పండిన ఏడు డబ్బు బంగారమవుతుంది, ఎండిన ఏడు ఆ బంగారమే కుదువకు పోతుంది. ఆడవారి మెడలోని దండ ఇంటికి బ్యాంకు వంటిది. చిక్కంతా ఒకే వస్తువు చేత రెండు పనులు చేయించబోవడంలోనే ఉంది. కష్టకాలంలో కుదువకు పనికిరావాలి, పెండ్లిలో కొట్టొచ్చినట్లు కనిపించాలి. ఈ రెండూ ఒకే నగ వల్ల కావు. చేయించబోతే రెంటికీ చెడ్డ రేవడి సామెతే మిగులుతుంది.

నగల విషయంలో ఈ చుట్టుపక్కల వారికి ఎవరూ పాఠాలు చెప్పనవసరం లేదు. పసిడి వ్యాపారంలో ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అన్న పేరు ఊరికే రాలేదు. జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి చీనీ తోటల రైతులు, అరటి తోటల రైతులు పెండ్లి బంగారానికి ప్రొద్దుటూరు అంగళ్లకే వస్తారు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుటుంబాలదీ అదే దారి. అంగడి చూడనివారు లేరు. అయినా కొన్న నగను ఎప్పుడు, దేనిమీద, ఎంతవరకు వేసుకోవాలన్న ఆలోచన మాత్రం అంగడి గుమ్మం దాటి ఇంటికి రావడం లేదు.

మోయలేనంత బంగారం

బంగారాన్ని ఒంటిమీద కుప్పపోయడం కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతాన, విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవాలను వర్ణిస్తూ ఒక సంగతి రాశాడు. అంతఃపురం నుంచి వరుసగా వచ్చిన స్త్రీల చేతికడియాలు, నగలు ఎంత బరువంటే, చాలామంది వాటిని మోయలేకపోయారట! పక్కన మరికొందరు స్త్రీలు నడుస్తూ వారి చేతులు పట్టి ఆసరా ఇవ్వవలసి వచ్చిందట! గండికోటను ఏలినవారికి కూడా విజయనగరమే పైకప్పు కనుక ఆ వైభవం ఈ ప్రాంతానికి పరాయిది కాదు. ఐదు వందల ఏండ్లు గడిచాయి. నేటికీ దసరాకు, పెండ్లిండ్లకు అదే దృశ్యం కనిపిస్తుంది. తేడా ఒక్కటే. రాజుగారి ఇంటివారికి చేతులు పట్టుకోవడానికి మనుషులున్నారు. ఇక్కడి ఇల్లాలు మాత్రం ఆ బరువు మోస్తూనే వడ్డన చూసుకోవాలి, బిడ్డను ఎత్తుకోవాలి, రాత్రి తిరుగు బస్సులో కొంగు మెడకు చుట్టుకొని నిద్రపోకుండా కూర్చోవాలి.

ఈ అలవాటు బలపడడానికి దగ్గరి కారణం మరొకటి ఉంది. 1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చింది. కొత్త నగలు 14 క్యారట్లకు మించి చేయరాదన్న ఆంక్షతో ఎందరో స్వర్ణకారుల కొలిమి చల్లారింది. తర్వాత వచ్చిన 1968 చట్టం ప్రకారం సామాన్యులు బంగారాన్ని కడ్డీలుగా, బిస్కెట్లుగా దగ్గర ఉంచుకోరాదు. నగ రూపంలో ఉంటేనే సక్రమం. ఇక చేసేదేమున్నది? కూడబెట్టిన ప్రతి తులం దండగానో, గాజుగానో మారవలసిందే. ఆ చట్టాన్ని 1990లో రద్దు చేశారు. చట్టం పోయినా దానితో వచ్చిన అలవాటు పోలేదు. నేడు నాణెం కొనవచ్చు, కడ్డీ కొనవచ్చు. అయినా "ఎలాగూ కొంటున్నాం కదా, పెద్ద హారమే చేయిద్దాం" అన్న మాటే ఇంకా వినిపిస్తున్నది.

ఆ పెద్ద హారం లెక్క ఒకసారి చూడడం మంచిది. నాలుగు తులాల హారానికి నూటికి 15 వంతున తరుగు వేశారనుకుందాం. అంటే ఆరు గ్రాములు. పది గ్రాముల మేలిమి బంగారం 2025 ఏప్రిల్‌లో మొదటిసారి లక్ష రూపాయలు తాకింది. ఆ లక్ష లెక్కనే చూసినా 22 క్యారట్ల గ్రాము తొమ్మిది వేలు దాటుతుంది. ఆరు గ్రాములంటే సుమారు 55 వేలు. ఈ సొమ్ము కొన్న రోజే పోయినట్లు, ఎవరూ తిరిగి ఇవ్వరు. పనితనం పెరిగేకొద్దీ తరుగూ పెరుగుతుంది. పైగా హారంలో ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు, లక్క ఉంటే కుదువ పెట్టే చోట వాటి బరువు తీసివేసి మిగతాదే చూస్తారు. బంగారం తాకట్టు రుణాలపై రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనలు కూడా బంగారం విలువనే లెక్కకట్టాలని, రాళ్ల విలువ కలపరాదని స్పష్టంగా చెబుతున్నాయి. మరి పెట్టుబడి కోసమని కొన్న హారం పెట్టుబడికి ఏమాత్రం అక్కరకు వచ్చినట్లు?

కాబట్టి దాచుకునేది సాదాగా ఉండాలి. రాళ్లు లేని గాజులు, అచ్చు గొలుసు, నాణేలు మేలు. కంటికి కనిపించవలసిన పెద్ద నగకు మాత్రం వేరే లెక్క ఉంది. అది ఒక్కటి ఉంటే చాలు. అదీ బంగారమే కానక్కరలేదు.

ఒక్క నగ చాలు

పెద్ద నగ అంటే బరువైన నగ అని అర్థం కాదు. మనిషిని చూడగానే మొదట కళ్లలో పడేది, గుర్తుండిపోయేది పెద్ద నగ. సంగీత విద్వాంసురాలు ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పేరు చెప్పగానే రెండు వైపులా మెరిసే వజ్రపు ముక్కుపుడకలు జ్ఞాపకం వస్తాయి. తూకం వేస్తే అవి ఎంత ఉంటాయి! మగవారిలోనూ ఇటువంటివారు లేకపోలేదు. 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాలకు సంగీతం కూర్చి 2022లో మరణించిన బప్పీలహరి మెడనిండా గొలుసులే తన గుర్తుగా చేసుకున్నారు. అది ఆయనకు చెల్లింది. ఆయనను చూసి మెడలో లావుపాటి గొలుసు, చేతికి కడియం, నాలుగు వేళ్లకు నాలుగు ఉంగరాలు దిగేసి మోటారు సైకిళ్లపై తిరిగే యువకులు ఎవరికి ఏమి చెప్పదలచుకున్నారో వారికే తెలియాలి.

ఒక్క నగ అన్న సూత్రం పట్టుకుంటే మిగిలినవన్నీ సులువు. చెవులకు పెద్ద బుట్టకమ్మలు పెట్టిన నాడు మెడలో తాళిబొట్టు గొలుసు తప్ప మరొకటి అక్కరలేదు. మెడలో కాసుల దండ వేసిన నాడు చెవులకు చిన్న దిద్దులు చాలు. వడ్డాణం పెట్టితే హారం పొట్టిదై ఉండాలి. పొడవాటి హారం వచ్చి వడ్డాణం మీద పడితే రెండూ కనిపించవు. చేతికి వెడల్పాటి కడియం ఒక్కటి వేస్తే ఆ చేతికి గాజులు వద్దు. రెండో చేతికి గాజులు వేసుకుంటే ఎవరూ కాదనరు.

జాకెట్టు మెడను బట్టి నగ ఎంచాలన్న సంగతి దర్జీలకు బాగా తెలుసు. మెడ దగ్గరగా మూసిన జాకెట్టు మీదకు పొడవాటి దండ నిండుగా ఉంటుంది. వెడల్పుగా గుండ్రంగా కత్తిరించిన మెడకు కంటె గాని, అడ్డిగ గాని సరిగ్గా కూర్చుంటుంది. భుజం నుంచి భుజానికి అడ్డంగా ఉండే పడవ మెడకు దండ ఏదైనా నప్పదు. అక్కడ బరువంతా చెవుల మీద వేయడమే మేలు. పొట్టి మెడవారు గొంతుకు అంటిపెట్టుకునే నగ వేస్తే మెడ మరింత కురచగా కనిపిస్తుంది. చీర అంచు, కొంగు జరీతో నిండి ఉంటే నగ తగ్గించాలి. చీర సాదాదైతే నగ పెంచవచ్చు. కంచిపట్టు మీద రాళ్ల హారం వేస్తే రెండూ పోట్లాడుకుంటాయి. అదే హారాన్ని అంచు సన్నగా ఉన్న మగ్గం చీర మీద వేస్తే హారానికీ చీరకూ కూడా గౌరవం దక్కుతుంది. ఈ జిల్లాలోనే మాధవరం నేత చీరలున్నాయి, జమ్మలమడుగు వైపు పట్టు మగ్గాలున్నాయి. వాటి మీదకు ఏమి నప్పుతుందో చూడకుండా సినిమా పోస్టరు చూసి నగ ఎంచడం శోచనీయం.

రోజువారీ పనిలో పెద్ద నగ పనికిరాదన్న మాట నిజం కాదు. సుగాలీ స్త్రీల సంప్రదాయ వేషం చూసినవారికి ఆ సంగతి తెలుసు. చేతి పొడవునా గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి గొలుసులు, రూపాయి బిళ్లలు, రవికె మీద అద్దాలు వారికి పండుగ నాటివి కావు, కూలికి పోయేనాటివి కూడా. అందులో బంగారం దాదాపు లేనే లేదు. ఎంత దూరం నుంచైనా గుర్తు పట్టవచ్చు. ఇటీవల తండాలలో కూడా ఆ వేషం పెద్దవారికే పరిమితమవుతుండడం, అవే వెండి సరుకులు పట్టణాలలో కొత్త మోజుగా చలామణీ కావడం విచిత్రమే.

బడిలో, బ్యాంకులో, అంగన్‌వాడీలో పనిచేసే మహిళలకు నూలు చీర మీద వెండి కమ్మలు గాని, ఒక వెడల్పాటి వెండి కడియం గాని, పూసల దండ గాని హాయిగా ఉంటాయి. ధర అందుబాటులో ఉంటుంది. బస్సులో భయముండదు. ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పనిచేసేవారు మాత్రం వేలాడే నగ, ఉంగరం, వదులు గాజు ఏదీ ఉంచుకోరాదు. ఇది అందానికి సంబంధించిన మాట కాదు, వేలికి సంబంధించిన మాట. సిమెంటు దుమ్ము ఉన్న ఊళ్లలో మరో ఇబ్బంది ఉంది. నగిషీ సందుల్లో దుమ్ము, చెమట చేరి గట్టిపడి నగ నల్లబడుతుంది. గోరువెచ్చని కుంకుడు రసంలో కాసేపు ఉంచి మెత్తని బ్రష్షుతో తోమితే బంగారం తేటపడుతుంది. ముత్యాలను, లక్కతో నింపిన నగలను నీళ్లలో వేయరాదు. వాటికి మెత్తటి పొడిగుడ్డ చాలు.

బుట్టకమ్మల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈ మధ్య అరచేయంత బుట్టలు వస్తున్నాయి. బరువుకు చెవి తమ్మె సాగి చిరిగిపోయిన స్త్రీలు ప్రతి ఊరిలో ఉన్నారు. పూర్వీకులు దీనికి ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. అదే మాటీలు. కమ్మ నుంచి చెవి మీదుగా జడలోకి తగిలించే ఆ గొలుసు అందం కోసమే పుట్టిందని నేటివారు అనుకుంటున్నారు. అసలు పని బరువును జుట్టుకు పంచడం. పెద్ద బుట్టలు కొనేవారు మాటీలు కూడా అడగాలి, లేదా లోపల డొల్లగా ఉన్నవి ఎంచుకోవాలి. బేరమాడేటప్పుడు ఐదు నిమిషాలు చెవులకు పెట్టుకొని చూస్తే అద్దం చెప్పనిది తమ్మె చెబుతుంది.

ఇక సాయంత్రపు వేడుకలు. నిశ్చితార్థాలు, రిసెప్షన్లు నేడు రాత్రిళ్లే జరుగుతున్నాయి. కల్యాణ మంటపాలలో తెల్లని దీపాల కింద నున్నగా మెరిసే బంగారం పాలిపోయి కనిపిస్తుంది, ఫోటోలలో తళుక్కున ఒక తెల్లమచ్చగా పడుతుంది. దేవతా రూపాలు, పూలు, హంసలు చెక్కిన నకాషీ పని నగలు, కాస్త నలుపు తగిలిన పాత మెరుగు నగలు రాత్రి దీపాలకు బాగా తేలతాయి. చెక్కడపు పల్లాలలో నీడ నిలిచి గీత గీతా కనిపిస్తుంది. పగటి ముహూర్తానికి నున్నని గుండ్ల దండ బాగుంటుంది. ముదురు రంగు పట్టుకు ఒక్క పెద్ద పతకం చాలు. జార్జెట్టు, షిఫాను వంటి పలుచని చీరల మీద రాళ్లు బిగించిన కొక్కేల నగలు వేస్తే దారాలు లాగి చీర పాడవుతుంది. ఈ నష్టం వేడుక అయ్యాక గాని తెలియదు.

గిల్టు అంటే సిగ్గెందుకు?

ఒక్క పెద్ద నగ బంగారమే కానక్కరలేదన్న మాటకు కొందరు ముఖం చిట్లిస్తారు. "గిల్టు నగ వేసుకొచ్చింది" అన్న మాట ఇప్పటికీ తిట్టులాగే వాడుతున్నారు. కృష్ణా జిల్లా మచిలీపట్నంలోని చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు తరతరాలుగా ప్రసిద్ధి. రాగి వంటి లోహం మీద పలుచని బంగారు పొర వేసి చేసే ఆ నగలలో పనితనం అసలు నగలకు తీసిపోదు. నృత్య కళాకారులు, నాటకాలవారు వాటినే ధరిస్తున్నారు. దొరల దేశంలోనూ ఇదే జరిగింది. 1920లలో పారిస్‌లో కోకో షానెల్ అనే దుస్తుల రూపకర్త గాజు ముత్యాల దండలను అసలు ముత్యాలతో కలిపి వేసుకొని, నకిలీ నగ పేదతనానికి గుర్తు కానక్కరలేదని సంపన్న స్త్రీల చేత ఒప్పించింది. వందేండ్ల కిందట అక్కడ పోయిన సిగ్గు ఇక్కడ ఇంకా ఎందుకు పట్టుకొని వేలాడుతున్నదో ఆలోచించాలి.

గిల్టులోనూ రెండు జాగ్రత్తలు అవసరం. అంగళ్లలో అమ్మే "ఒక గ్రాము బంగారం" నగలలో నిజంగా గ్రాము బంగారం ఉంటుందని నమ్మరాదు. అది పూత పేరే. చెమటకు, సెంటుకు పూత త్వరగా పోతుంది. అడుగు లోహంలో నికెల్ ఉంటే కొందరి మెడ మీద దద్దుర్లు లేస్తాయి. రెండోది అసలైన జాగ్రత్త. వేడుకకు గిల్టు వేసుకోవడం తప్పు కాదు గాని, పెండ్లి మాటల్లో ఇస్తామన్న బంగారం స్థానంలో గిల్టు పెట్టడం మోసం. అలా బయటపడిన నాడు కాపురంలో మాటలు పడేది, పుట్టింటికి చేరేది ఆడబిడ్డే. ఇస్తామన్నది నాణేలుగా, సాదా గాజులుగా తూకం వేసి ఇచ్చి, అలంకారానికి గిల్టు వేస్తున్నామని ముందే చెబితే ఎవరికీ తలవంపు లేదు. అసలు ఆడపిల్ల విలువను తులాలలో అడగడమే నేరమన్న సంగతి వేరే చెప్పాలా? వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉన్నది.

అసలు బంగారం కొనేవారికి పాత రోజులకంటె నేడు కొంత రక్షణ ఉన్న మాట వాస్తవం. హాల్‌మార్కును 2021 జూన్ నుంచి జిల్లాల వారీగా తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ గుర్తుతో పాటు ఆరు అక్షరాంకెల సంఖ్య కూడా నగ మీద ఉండాలి. 22 క్యారట్లకు 916, 18 క్యారట్లకు 750 అని ముద్ర ఉంటుంది. ఫోనులో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వారి 'బీఐఎస్ కేర్' తెరచి ఆ సంఖ్య కొడితే వివరాలు వస్తాయి. చదువుకున్న పిల్లలు ఇంటికొకరున్నారు, వారి చేత చూపించుకోవచ్చు. అయితే కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్ల నగలకు ఈ తప్పనిసరి వర్తించదన్న సంగతి చాలామందికి తెలియదు. కంటికి ఎక్కువగా కనిపించే పెద్ద నగలు చాలావరకు ఆ కోవలోనివే కావడం గమనార్హం.

బిల్లు అడగడానికి మొహమాటపడేవారు ఇంకా ఉన్నారు. తెలిసిన అంగడి, తాతల నాటి ఖాతా, బిల్లు అడిగితే ఏమనుకుంటారోనన్న జంకు. హాల్‌మార్కు నగ అమ్మినప్పుడు నికర బంగారం బరువు, క్యారట్లు, హాల్‌మార్కు రుసుము విడిగా చూపిన బిల్లు ఇవ్వాలన్నది నిబంధన. నాలుగు రోజులు వాడి మళ్లీ అదే అంగడికి మార్పిడికి పోయినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది. అమ్మమ్మల నాటి రాళ్ల హారాలు కరిగించి కొత్తవి చేయించుకునేవారు రాళ్లు తమ ఎదుటే ఊడదీయించి, రాళ్లు వేరుగా, బంగారం వేరుగా తూకం వేయించాలి. ఊడిన రాళ్లు పారేయవలసిన పని లేదు. వాటినే వెండి మీద బిగించమంటే ఆచార్లు బిగిస్తారు. పెద్ద పతకం ఒకటి తక్కువ ఖర్చులో తయారవుతుంది. వచ్చే పెండ్లికి కాలేజీ అమ్మాయి అడుగుతున్నదీ అటువంటిదే.